పీరు వొంటి మీద ఎన్ని చేతులు

ప్రతి ఏటా మొహర్రం తొమ్మిదో రోజు సాయంత్రం నేనొక వార్త రాసేవాణ్ణి. 'మతసామరస్యానికి ప్రతీక పీర్ల పండగ' - ఇదీ శీర్షిక. ఊరి పేరు మారేది. పీరెత్తిన మనిషి ఫోటో మారేది. శీర్షిక మారేది కాదు. కులమతాలకతీతంగా, భక్తిశ్రద్ధలతో, పెద్ద సంఖ్యలో తరలివచ్చి - ఈ మూడు ముక్కలూ లేకుండా ఆ వార్త డెస్కు దాటేది కాదు. దాదాపు ఇరవై ఏళ్ళు రాశాను. వాటిల్లో ఒక్కదాంట్లోనైనా ఆ పీరును ఎవరు కట్టారో లేదు. మొదట్లో ముజావరు పేరు రాసేవాణ్ణి. చోటు చాలదని కొట్టేసేవాళ్ళు. తర్వాత్తర్వాత నేనే రాయడం మానేశాను, కొట్టేసే శ్రమ వాళ్ళకెందుకని.

ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ఇందులో పీరును దేవుడని మొక్కబోవడం లేదు. దురాచారమని తిట్టబోవడం లేదు. సామరస్యమని పొగడబోవడం అసలే లేదు. ఒక కళాఖండంగా చూస్తాను. దేనితో చేశారు, ఎవరు చేశారు, ఎలా నిలబడింది, ఎక్కడ చెడింది అని అడుగుతాను. కవితకో కథకో మనం వేసే ప్రశ్నలే ఇవి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. మా మాటకు విమర్శ పుట్టింది, మంచో చెడో చర్చ జరిగింది. మా చేతి పనికి మాత్రం ఇంతవరకూ విమర్శ పుట్టలేదు. పుట్టినదంతా ప్రశంసో ఫత్వానో.

పాశ్చాత్య దేశాల్లో ఒక కళారీతి ఉంది. చెక్క ముక్క, గుడ్డ పీలిక, రేకు, కాగితం, పాత సామాను - చేతికి దొరికిన వస్తువుల్ని ఒకచోట కూర్చి నిలబెడతారు. అసెంబ్లేజ్ అంటారు. 1961లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ పేరుతోనే పెద్ద ప్రదర్శన పెట్టింది. నేను డిగ్రీలో ఉండగా ఆ ప్రదర్శన గురించి చదివి ఆశ్చర్యపోయాను. లోహం, కర్ర, గుడ్డ, పూలు, నిమ్మకాయలు, బూడిద, నిప్పు - ఇన్నిటిని కూర్చి ఊరు ఊరంతా కలిసి నిలబెట్టే వస్తువు మా సావిట్లో ఉందని నాకప్పుడు తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది. అప్పటికి నేను సావిడి వైపు వెళ్ళడం మానేశాను. సిగ్గు.

మాది నూజివీడు మామిడి నేల. నూజివీడు అంటే లోకానికి చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ. 2022 ఏప్రిల్లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ, తోటలకు ఆ సంగతి తెలియదు. ఆ తోటల్లో మావాళ్ళు కొందరు కౌలుదార్లు, కొందరు కావలివాళ్ళు, ఎక్కువమంది కాయ దింపేవాళ్ళు. తోట ఒకరిది, కాయ ఇంకొకరిది, చిక్కం పట్టిన చెయ్యి మరొకరిది. బుట్ట మీద పేరు మాత్రం తోట యజమానిదో మండీదో ఉంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, పీరు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మొహర్రం చాంద్రమాసం. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు గానీ మళ్ళీ అదే రుతువుకు రాదు. 1996, 97ల్లో పండగ మే నెలలో పడింది. అంటే సరిగ్గా కాయ దింపే రోజులు. పగలంతా చిక్కం కర్ర పట్టిన చేతులే రాత్రి పీరు కర్ర పట్టేవి. నా చిన్ననాటి మొహర్రానికి ఊదు వాసనతో పాటు మామిడి సొన వాసన కూడా ఉంటుంది.

ఇప్పుడు పీరును కింద నుంచి పైకి చూద్దాం.

కింద కర్ర. మంచి ముదురు వెదురు. మా ఊళ్ళో దాన్ని కోసిచ్చేది ఏటా ఒకే కుటుంబం, ముస్లిములు కారు. ఆ కర్ర చివర పంజా. అరచెయ్యి ఆకారం, అయిదు వేళ్ళు. ప్రవక్త, ఆలీ, ఫాతిమా, హసన్, హుసేన్ - అయిదుగురికి అయిదు వేళ్ళని పెద్దలు చెబుతారు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో హుసేన్‌నూ ఆయన మనుషుల్నీ చంపేశారు. ఆ యుద్ధంలో జెండా పట్టిన అబ్బాస్ చేతులు తెగిపడ్డాయని మర్సియాల్లో చెప్పుకుని ఏడుస్తారు. అందుకే కర్ర మీద చెయ్యి నిలబడి ఉండటం మామూలు అలంకారం కాదు. తెగిన చేతిని మళ్ళీ ఎత్తిపట్టుకోవడం అది. మా ఊరి పెద్ద పీరు పంజాకు చిటికెన వేలు ఎప్పుడో విరిగింది. ఊరి కంసాలి అతికాడు. ఇత్తడి మీద ఆ అతుకు నల్లగా కనపడుతుంది. కొత్తది చేయించమని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఎవరూ చేయించరు. ఆ అతుకే మా పీరుకు గుర్తు.

పంజా కింద దట్టీలు. మొక్కుకున్న వాళ్ళు ఇచ్చిన గుడ్డలు. పిల్లాడికి జ్వరం తగ్గితే ఒకటి, కాన్పు సుఖంగా అయితే ఒకటి, తోట మీద పెట్టిన డబ్బు తిరిగొస్తే ఒకటి. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, జరీ అంచు, చమ్కీ. ఎవరింటి దట్టీ అయినా ఒకదాని మీద ఒకటి కడతారు. ఆఖరికి కర్ర కనపడదు. గుడ్డల మధ్య ఎవరిది ఏదో తెలియదు. మోతుబరి ఇచ్చిన పట్టుగుడ్డ మీద కూలి మనిషి ఇచ్చిన నూలుగుడ్డ పడుతుంది. ముజావరు కావాలని అలా కట్టడు. వచ్చిన వరసలో కడతాడు, అంతే. ఆ వరసే ఆ పనిలోని న్యాయం. సమానత్వం మీద మనం ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. గుడ్డతో చెప్పినవాళ్ళు వీళ్ళే.

దట్టీలకు జరీ అంచు కుట్టింది ఆడవాళ్ళు. మా నానీమా కుట్టేది. చుక్కలు, చంద్రవంక, ఆకు. కుట్టినంతసేపూ ఆమెదే. పీరు మీదికెక్కాక ఆమె దాన్ని ముట్టుకోకూడదు. దూరం నుంచి మలీదా పళ్ళెం పట్టుకుని చూసేది. ఏ గుడ్డ తనదో ఆమెకు తెలుసు. ఇంకెవరికీ తెలియాల్సిన పనిలేదన్నట్టు ఉండేది. ఆ మౌనాన్ని చాలాకాలం వినయం అనుకున్నాను. వినయం కాదు. చోటు లేకపోవడం.

సావిడి ముందు గుండం. మేము అలావా అంటాం. అది తవ్వేది మాలమాదిగ పేటల వాళ్ళు. డప్పు మాదిగలది. దివిటీ చాకలివాళ్ళది. పూలు తెచ్చేది ఇంకొకరు. పీరెత్తేవాడికి పూనకం వచ్చి ఊగితే, దట్టీలన్నీ విచ్చుకుని ఆ దివిటీ వెలుగులో పంజా మెరిసి ఆరిపోయి మళ్ళీ మెరుస్తుంది. ఈ వస్తువు పగలు నిలబెట్టి చూడటానికి చేసింది కాదు. రాత్రి, నిప్పు పక్కన, కదులుతుండగా చూడటానికి చేసింది. పదోరోజు దాన్ని చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, ఏడ్చి, విప్పేస్తారు. దట్టీలు విడదీస్తారు. కొన్ని ఇచ్చినవాళ్ళకు తిరిగి వెళతాయి. కొన్నిటిని చీల్చి పిల్లల చేతులకు కడతారు. మిగిలినవి మడతపెట్టి పంజాతో పాటు పెట్టెలో పెడతారు. ఇంత కష్టపడి కూర్చిన దాన్ని పదిరోజుల్లో విప్పేయడం కూడా ఆ కళలో భాగమే. విప్పాక ఏ ముక్క ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు.

ఇదంతా రాసినవాళ్ళు మనకు ముందు లేరా? ఉన్నారు. మన పక్క ఊరివాడే. జాఫర్ షరీఫ్ అనే ఆయన ఏలూరులో పుట్టాడు. హెర్క్‌లాట్స్ అనే డాక్టరు అడగ్గా దక్కన్ ముస్లిముల పుట్టుక నుంచి చావు దాకా ఆచారాలన్నీ రాసిపెట్టాడు. దాని ఇంగ్లీషు అనువాదం 'ఖానూనే ఇస్లాం' పేరుతో 1832లో లండన్‌లో అచ్చయింది. అందులో మొహర్రం మీద సుదీర్ఘమైన అధ్యాయం ఉంది. అలాలు, తాబూతులు, అలావా గుంటలు, రకరకాల వేషాలు కట్టే ఫకీర్లు - వివరంగా రాశాడు. వెదురుతో, రంగు కాగితంతో, అభ్రకంతో చేసే పనులు రాశాడు. ఏ వస్తువును దేనితో చేస్తారో చెప్పాలన్న పట్టింపు ఆయనకుంది. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, అదే జిల్లాలో కూర్చుని, చేతిలో కెమెరా పెట్టుకుని, నేను 'భక్తిశ్రద్ధలతో' అని రాశాను. పుస్తకం మీద జాఫర్ షరీఫ్‌ను 'దక్కన్ వాసి' అని మాత్రం పరిచయం చేశారు. అయినా ఆయన పేరు ఉంది. మా ముజావరుకు ఆ మాత్రం కూడా దక్కలేదు, అదీ నా చేతుల మీదుగా.

ఇక్కడ పీరు మీద హక్కు చెప్పేవాళ్ళను ముగ్గుర్ని చూడాలి.

మొదటివాళ్ళు మాలోని సంస్కర్తలు. పీరు మనది కాదంటారు. షిర్క్ అంటారు, బిద్అత్ అంటారు. వాళ్ళను వెక్కిరించడం సెక్యులర్ మిత్రులకు సులువు. నాకు సులువు కాదు. వాళ్ళ మాటలో ఒక నిజం ఉంది. ఊరంతా మొక్కే పీరుకు ముజావరు ఏడాదంతా ఊరి చాకిరీ చేసేవాడి కిందే లెక్క. పండగ పది రోజులు 'సాయిబుగారూ', పదకొండో రోజు నుంచి 'ఏరా సాయిబూ'. ఈ గౌరవం కన్నా మసీదు సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడటం మేలనుకున్న కుర్రాణ్ణి నేనెలా తప్పుపట్టను? కానీ ఆ సఫ్‌లో నిలబడ్డాక కూడా మా ముజావరు దూదేకుల. షేకులం సయ్యదులం అనుకునే మావాళ్ళు ఆయన చేతి మలీదా తింటారు, ఆయన ఇంటికి పిల్లనివ్వరు. ఈ సంగతి షిర్క్ గురించి చెప్పే ఏ బయానులోనూ నేను వినలేదు.

రెండోవాళ్ళు సెక్యులర్ మిత్రులు. పీరు అందరిదీ అంటారు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఈ మాట మరీ ఎక్కువైంది. మంచి ఉద్దేశంతోనే అంటారు. అందరిదీ అన్నాక ఎవరి పేరూ అక్కర్లేకుండా పోతుంది, చిక్కంతా అక్కడే. నూజివీడులో తరతరాలుగా సరస్వతీ వీణలు తయారుచేసే ముస్లిం కుటుంబం ఉంది. వాళ్ళ మీద వచ్చే వార్తలు చూడండి. ముస్లిం చేతిలో సరస్వతి - అక్కడే ఆగిపోతాయి. పనసచెక్క ఎన్నాళ్ళు ఆరాలి, మైనంలో మెట్లు ఎలా నిలబెడతారు, ఏ చెవి ఆ స్వరాన్ని సరిచూస్తుంది - ఆ విద్య గురించి రెండు వాక్యాలుంటే గొప్ప. మా మతం మీకు వార్త. మా పని మీకు వార్త కాదు.

మూడోవాళ్ళు కళారంగం పెద్దలు. వీళ్ళు పీరును పట్టించుకోరు. అదే పీరు ఒక గొప్ప చిత్రకారుడి సంతకం కిందికొస్తే లేచి నిలబడతారు. ఎం.ఎఫ్. హుసేన్‌నే తీసుకోండి. ఆయన గుర్రాలకు మూలం చిన్నతనంలో ఇందోర్‌లో చూసిన మొహర్రం ఊరేగింపుల్లోని దుల్దుల్ అని కళావిమర్శకులు ఎన్నోసార్లు రాశారు. అదే హుసేన్ 1960ల చివర హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ అండతో రామాయణం బొమ్మలు వేశాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయన ఈ దేశంలో ఉండలేని పరిస్థితి కల్పించారు. ఖతర్ పౌరుడయ్యాడు. 2011లో లండన్‌లో చనిపోయాడు. ఆయన చివరి పెద్ద పని 2019 డిసెంబర్‌లో దోహాలో తెరిచారు. దాని పేరు 'సీరూ ఫిల్ అర్ద్' - భూమ్మీద సంచరించండి అనే ఖురాన్ మాట. ఇటలీలోని మురానో గాజు గుర్రాలు, పాత కార్లు, ఎగరాలని ప్రయత్నించిన ఇబ్న్ ఫిర్నాస్ బొమ్మ, యంత్రం మీద కదిలే వేదిక. చేతిపనీ యంత్రమూ కలిసిన బ్రహ్మాండమైన కూర్పు. దాని చిత్రాలు చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా ఊరి దుల్దుల్. వెదురు బద్దలు, రంగు కాగితం. అక్కడ గాజు ఊదినవాళ్ళ పేర్లు చూసేవాళ్ళకు తెలియవు, ఇక్కడ కాగితం అతికినవాళ్ళ పేర్లు తెలియవు. అయినా తేడా ఉంది. అక్కడ కనీసం ఒక్క పేరుంది.

ఇంతవరకూ చెప్పింది పాత పీరు సంగతి. కొత్త పీరు సంగతి వేరు. కొత్త పీరు సగం కంప్యూటర్లో తయారవుతోంది.

2024 జూలైలో మొహర్రానికి ఊరెళ్ళాను. సావిడి ముందు ఫ్లెక్సీ. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. పైన ఎడమవైపు కర్బలా బంగారు గుమ్మటం. కుడివైపు దుల్దుల్, వెనక మెరుపులు. మధ్యలో అయిదు పీర్లు. కింద రెండు వరసల్లో ముఖాలు. పై వరస నాయకులది, ఒక్కో ముఖం గుమ్మటం కన్నా పెద్దది. కింది వరస చందాదార్లది, చందాను బట్టి సైజు. ముజావరు ముఖం లేదు. ఆయన చందా ఇవ్వలేదు మరి, పీరునే ఇచ్చాడు.

దట్టీలు ఏం చేసేవో ఫ్లెక్సీ దానికి సరిగ్గా ఎదురు చేస్తోంది. దట్టీ ఇచ్చినవాడి పేరును దాచేది. ఫ్లెక్సీ ఇచ్చినవాడి ముఖాన్ని చూపిస్తుంది. దట్టీలు వచ్చిన వరసలో పడేవి. ఫ్లెక్సీలో ఎవరు పైన, ఎవరు కింద అని ముందే తగువు తేలుతుంది. అంటే ఊళ్ళో ఉన్న హెచ్చుతగ్గులన్నీ పీరు ముందుకొచ్చి నిలబడ్డాయి. సావిట్లో లోపల గుడ్డలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి. బయట ముఖాలు విడిపోయాయి.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. పంజాల చుట్టూ ఎల్‌ఈడీ తీగలు చుట్టారు. నీలం, ఎరుపు, మళ్ళీ నీలం. దివిటీ వెలుగులో ఇత్తడి మెరిసేది, ఇప్పుడు ఇత్తడి మీద నీలం పడుతోంది. లోహం తన వెలుగు తాను చూపించుకోలేకపోతోంది. కొత్తది కాబట్టి చెడ్డదనడం లేదు. పెట్రోమాక్సు లైటు కూడా ఒకప్పుడు కొత్తదే. కాగితపు బొమ్మలు తిరిగే ఫానూస్ దీపం ఉర్దూ కవులకు ఎంత ఇష్టమైన వస్తువో చదువుకున్నవాళ్ళకు తెలుసు. మొహర్రం ఎప్పుడూ కొత్త వెలుగును కాదనలేదు. కానీ ఫానూస్ వెలిగేది తన బొమ్మల కోసం. ఈ తీగలు వెలిగేది తమ కోసమే.

అన్నిటికన్నా నన్ను ఆపింది మధ్యలో ఉన్న ఆ అయిదు పీర్లు. దగ్గరికెళ్ళి చూశాను. పెద్ద పీరు చిటికెన వేలు చక్కగా ఉంది. అతుకు లేదు. అది మా పీరు కాదు. హైదరాబాదు అలం ఫోటో ఏదో ఇంటర్నెట్ నుంచి తెచ్చి కత్తిరించి పెట్టారు. మా ఊరి పండగ ఫ్లెక్సీలో మా ఊరి పీరు లేదు!

ఆ ఫ్లెక్సీ చేసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకున్నాను. నూజివీడులో డిగ్రీ చదివి ఫ్లెక్సీ షాపులో పనిచేస్తున్నాడు. మా ముజావరుకు మనవడి వరస.

"మన పీరు ఫోటో ఎందుకు పెట్టలేదు బేటా?" అన్నాను.

"తీశాను మామూ. బాగా రాలేదు. వేలు అతుకు కనపడుతోంది. సిగ్గేసింది."

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట నేను సావిడి ముఖం చూడకుండా తిరిగిన సిగ్గూ, వీడు కంప్యూటర్లో అతుకు దాచిన సిగ్గూ ఒక్కటే. మా ఇద్దరి కన్నూ ఎక్కడో బయట తయారైంది. ఆ కంటికి కంసాలి అతుకు లోపంగా కనపడుతుంది. ఊరు తన పీరును వదులుకోలేదన్నదానికి సాక్ష్యంగా కనపడదు.

పండగ అయ్యాక ఫ్లెక్సీ ఏమైంది? దట్టీలు పెట్టెలోకి వెళ్ళాయి. ఫ్లెక్సీ ఎక్కడికి వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. పంజా బొమ్మ ఉంది కాబట్టి కింద పరవకూడదు. నాయకుల ముఖాలున్నాయి కాబట్టి చింపకూడదు. వానకు సగం ఊడి గోడకు వేలాడింది. చివరికి ఎవరో పశువుల పాక మీద కప్పుకున్నారు, ముఖాలు లోపలికి పెట్టి. చేతితో చేసిన ప్రతి ముక్కకూ పండగ తర్వాత ఒక బతుకుంది. కంప్యూటర్లో చేసిన ముక్కకు లేదు. కొత్త పీరులోని అసలు లోపం అదే. డిజిటల్ కావడం లోపం కాదు, విప్పడం తెలియకపోవడం లోపం.

అంతటితో ఆగిపోతే ఈ వ్యాసం మరో ఏడుపుగా మిగిలేది. 2025 జూలైలో మళ్ళీ వెళ్ళాను. ఆ కుర్రాడు ఆ ఏడు ఫ్లెక్సీ చేశాడు, ముఖాలు పెట్టాడు, అది అతని ఉద్యోగం. కానీ పండగకు ముందు నెల నుంచి ఫోనుతో ఇంకో పని కూడా చేశాడు. చేతుల్ని తీశాడు. ముఖాలు తీయనివ్వలేదు కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు. అందుకని చేతులే. వెదురు కోస్తున్న చేతులు. చింతపండుతో పంజా తోముతున్న చేతులు. గుండం తవ్వుతున్న చేతులు. డప్పు కాగబెడుతున్న చేతులు. జరీ అంచు కుడుతున్న చేతులు. కువైట్‌లో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు అక్కడి గదిలో చిన్న దట్టీకి చమ్కీ కుట్టి, కుడుతున్న చేతుల్ని తీసి పంపారు. దట్టీ వచ్చే మనిషితో వచ్చింది, చేతులు ఫోన్లో వచ్చాయి. అన్నీ కలిపి ఏడెనిమిది నిమిషాలు.

తొమ్మిదో రాత్రి దాన్ని సావిడి గోడ మీద వేద్దామనుకున్నాడు. ముజావరు ఒప్పుకోలేదు. నేను ఇంకో ఫత్వా వినబోతున్నాననుకున్నాను.

"గోడ మీద వద్దు బేటా. గుడ్డ మీద వెయ్యి. గుడ్డయితే రేపు మడిచి పెట్టుకోవచ్చు," అన్నాడాయన.

ఈ కళారూపం గురించి నేను విన్న అతి గొప్ప విమర్శ వాక్యం అది. అరవై దాటిన, బడి ముఖం సరిగా చూడని దూదేకుల ముజావరు, విప్పలేని దాన్ని కట్టొద్దన్నాడు.

తెల్ల దుప్పటి కట్టారు. బొమ్మ మొదలైంది. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముఖాలు లేని సినిమా ఏమిటని గొణిగారు. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు: "అది మా వొదిన చెయ్యి!" ఇంకొకరు: "ఆ కాలిన మచ్చ మా చిన్నాయనది." ఇక ఆగలేదు. ఒక్కో చెయ్యి దుప్పటి మీదికి రావడం, చీకట్లోంచి ఎవరో ఒకరు పేరు పిలవడం. మాలపేట వైపు నుంచి, మా వైపు నుంచి, కంసాలి వీధి నుంచి. చిటికెన వేలు అతుకు దుప్పటి నిండా పెద్దదిగా వచ్చినప్పుడు, ఆ అతుకు వేసింది మా తాతని ఒక ముసలాయన లేచి చెప్పాడు. ఆయన అంతకు ముందు ఆ మాట ఎవరికీ చెప్పలేదట. ఎవరూ అడగలేదట.

ఇరవై ఏళ్ళు నేను రాయని పేర్లన్నీ ఆ చీకట్లో ఊరే పిలిచింది.

పని మెచ్చాను కదా అని లోపాలు వదలను. ఆ కుర్రాడు వెనక సినిమా పాట సంగీతం పెట్టాడు, డప్పు ఉండగా అదెందుకు? గుండం తొక్కే భాగం మరీ సాగదీశాడు, అక్కడ అతనికి చేతుల మీద నమ్మకం పోయి నిప్పుల మీద మోజు పుట్టింది. మావాళ్ళలో కొందరు ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారు, వాళ్ళతో మాట్లాడాల్సింది ఇంకా ఉంది. ఆడవాళ్ళ చేతులు దుప్పటి మీద పీరు పక్కకు వచ్చాయి గానీ, ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే తాడు అవతలే ఉన్నారు. ఒక బొమ్మ ఇవన్నీ తీర్చలేదు. అయినా ఫ్లెక్సీ విడదీసిన వాటిని ఈ దుప్పటి మళ్ళీ కలిపింది. పేరు దాచకుండా కలిపింది. పాత దట్టీలు కూడా చెయ్యలేకపోయిన పని ఇది. నానీమా ఉంటే ఆమె గుడ్డ ఏదో ఆ రాత్రి ఎవరో ఒకరు పైకి చెప్పేవాళ్ళు.

పదోరోజు పీర్లను విప్పారు. దట్టీలతో పాటు ఆ తెల్ల దుప్పటి కూడా మడిచి పెట్టెలో పెట్టాడు ముజావరు. దాని మీద ఇప్పుడు ఏ బొమ్మా లేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అయినా పెట్టాడు.

బస్సెక్కేముందు కుర్రాడు ఫోను చూపించాడు.

"నిండిపోయింది మామూ. ఆ చేతులవన్నీ తీసెయ్యాలి."

"తీసెయ్యొద్దు," అన్నాను.

"మరి ఎక్కడ పెట్టను? గుడ్డకు పెట్టె ఉంది. దీనికి పెట్టె ఏది?"

నా దగ్గర జవాబు లేదు. నా పాత వార్తల కటింగులు ఇంట్లో ఒక అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాటిల్లో ఒక్క చెయ్యీ లేదు. చేతులన్నీ ఈ ఫోన్లో ఉన్నాయి, ఏ రోజైనా చెరిగిపోయేలా. అస్తిత్వం గురించి ఇన్ని సంకలనాలు తెచ్చుకున్నాం, ఈ పెట్టె ఒక్కటి చేసుకోలేమా? చేసుకునేదాకా, ఆ కుర్రాడికి ఫోనులో పెట్టుకునే చిన్న కార్డొకటి కొనిచ్చి బస్సెక్కాను.